ఆషుయ్ పేరు పిలిచిన మధ్యాహ్నం

తుఫాను మూలంగా ఈసారి సంఘం సమావేశం ఫోన్లలోనే పెట్టారు. సముద్రపొడ్డున ఆల్చిప్పలు పెంచే మడులు మళ్లీ పంచే రోజది. పేరు పిలిస్తే సభ్యుడు తానే "సాగుచేస్తాను" అనాలి. నిరుడు మొగుళ్ల బదులు పెళ్లాలు పలికి కొట్లాట అయిందని పెట్టిన నియమం. మూడో పిలుపుకీ పలకకపోతే మడి పక్కవాడికి పోతుంది.

ఆషుయ్ నోరు పడిపోయి మూడేళ్లు. కండరాలు కరిగిపోయే జబ్బు. కదిలేవి కళ్లు మాత్రమే. మడిలోకి దిగేది అతని భార్య లీఫెన్. ఆ మడి పోతే ఆ ఇంటికి వేరే ఆధారం లేదు.

వికలాంగులకు పరికరాలు అమర్చే కేంద్రంలో నా ఉద్యోగం. ఆషుయ్ వాళ్ల ఊళ్లోనే పుట్టినదాన్ని. తెర మీది అక్షరాన్ని ఆషుయ్ చూస్తే కెమెరా ఆ చూపును పట్టుకుని అక్కడ చుక్క పెడుతుంది, యంత్రం పైకి చదువుతుంది. ఆసుపత్రి గదిలో నెలరోజులు నేర్పాను. ఇంట్లో ఇదే మొదలు. నెట్ అందేది ముందుగదిలోనే కాబట్టి మంచం అక్కడ వేయించాను, పోయిన పెద్దలకు దీపాలు పెట్టే పీఠానికి ఎదురుగా.

"చై ఆషుయ్!" అని కార్యదర్శి పిలిచాడు.

తెర మీది చుక్క చీమ కుట్టిన మేకపిల్లలా గెంతింది. ఒక్క అక్షరం మీదా నిలవలేదు.

"పలకట్లేదు. జాబితా అయ్యాక మళ్లీ పిలుస్తా."

"నువ్వు నేర్పిందేమిటే, సియూచిన్?" లీఫెన్ తెర వైపు చెయ్యి చాపింది. "నేను నొక్కేస్తా!"

ఆషుయ్ కళ్లు గట్టిగా మూశాడు. అంటే వద్దని.

వంగి చూశాను. అతని రెండు కళ్లలోనూ రెండేసి ఎర్ర చుక్కలు. పీఠం మీది దీపాలు, పాతకాలపు వేడి బల్బులు. కెమెరా వాటినే చూపనుకుంటోంది. తప్పు నాదే.

"పెద్దమ్మా, ఆ దీపాలు కాసేపు ఆర్పండి."

ఆషుయ్ తల్లి నా వైపు తిరిగింది. "నీ బుద్ధి గడ్డి మేసిందా? నేను కాపురానికొచ్చాక అవి ఆరలేదు. ముందు పెద్దల్ని అడగాలి."

పీఠం మీది చంద్రవంక చెక్కలు రెండూ తీసి నేలకేసింది. ఒకటి వెల్లకిల, ఒకటి బోర్లా పడితేనే పెద్దలు ఒప్పుకున్నట్టు. రెండూ బోర్లా పడ్డాయి. మళ్లీ వేసింది. మళ్లీ అంతే.

"చై ఆషుయ్! రెండోసారి!"

చుక్క గెంతుతూనే ఉంది. మంచం తిప్పుదామంటే ఊపిరి యంత్రం గొట్టం ఊడుతుందేమోనని భయం.

"ఒక గుడ్డ కప్పండి పోనీ!"

"పెద్దల మొహాన గుడ్డా?"

ముసలామె క్షణం నిలబడి చెక్కల్ని చూసింది. తరవాత లీఫెన్ మడిలోకి దిగేటప్పుడు కట్టుకునే రబ్బరు ముందుగుడ్డ అందుకుని, పీఠానికీ మంచానికీ నడుమ దూరింది. పెద్దలకు వీపు చూపకుండా వాళ్ల వైపే తిరిగి, గుడ్డను చేతులతో బార్లా చాపింది.

"ఆర్పొద్దన్నారు, ఆర్పలేదు. అడ్డం నిలబడొద్దని మీరనలేదుగా?"

"చై ఆషుయ్! ఆఖరిసారి!"

చుక్క వణికి, నిలిచింది.

"సాగుచేస్తాను," అంది యంత్రం.

ఫోన్లో గుసగుసలు. "ఇంతకీ నొక్కుతున్నది ఎవరమ్మా అక్కడ?" అన్నాడు కార్యదర్శి.

లీఫెన్ నోరు తెరవబోయింది. ఆపాను. చుక్క అక్షరం తరవాత అక్షరం పాకింది. ముసలామె గుడ్డను ఇంకాస్త పైకెత్తి పట్టుకుంది.

"నొక్కేది నా కళ్లు. నీ చెవులు వాడు, చవటా."

ఫోన్లో నలుగురైదుగురు ఒక్కసారే నవ్వారు. "ఆషుయే! ఇంకెవరు తిడతారు ఇట్లా?" అంది ఎవరో ఆడగొంతు.

"రాసుకున్నాను," అన్నాడు కార్యదర్శి.

"చాలు పెద్దమ్మా, దించండి," అన్నాను.

ఆమె దించలేదు.

"వాడికింకేమైనా చెప్పాలనుందేమో అడుగు. చెప్పనీ. మూడేళ్లయింది."