పాదసూచికకు ముందు దగ్గు

చదువులక్క చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికొచ్చి, కుడిచేతి చూపుడువేలికి రబ్బరు తొడుగు తగిలించుకుంది. వేలు తడిచేసుకుని పేజీ తిప్పితే ఆ చప్పుడు కూడా చదువుతో పాటు రికార్డులో పడుతుంది. తొడుగుంటే కాగితం బుద్ధిగా తిరుగుతుంది. ఫ్లాస్కులోని గోరువెచ్చని నీళ్ళు మూతలోకి వంపుకుని రెండు గుక్కలు తాగింది. ఫ్యాను ఆపింది. కిటికీ రెక్కలు మూసి వాటి మీదికి పాత దుప్పటి దించింది. ఇక గది ఉడికిపోవడం మొదలైంది.

"నేనొచ్చానమ్మా. కూర్చున్నా," అంది, మేజాకు అవతల కూర్చున్న, లా చదివే చూపు లేని అమ్మాయితో.

ఆ గదిలో ఉన్నది ఒకటే చట్టం. వచ్చినవాళ్ళు వచ్చామని చెప్పాలి, వెళ్ళేవాళ్ళు వెళ్తున్నామని చెప్పాలి. చూపు లేని మనిషి ఎదుటినుంచి చెప్పకుండా లేచిపోతే ఆ మనిషి ఖాళీ కుర్చీతో మాట్లాడుతూ ఉండిపోతాడు. ఒకరికి అంతకన్నా అవమానం చేయలేమని చదువులక్క గట్టి నమ్మకం. కొత్త అటెండరొకడు ఒకసారి చడీచప్పుడు లేకుండా జారుకుంటే, వరండా చివరిదాకా వెంటపడి చీవాట్లు పెట్టింది. అవి కూడా గుసగుసగానే పెట్టింది. గొంతు ఆమెకు పనిముట్టు, దాన్ని కోపానికి ఖర్చు చేయడం ఆమెకు ఇష్టం ఉండదు.

చదవడం మొదలుపెట్టింది. ఆస్తి హక్కుల మీద అధ్యాయం. వాక్యాలు కొండచిలువల్లా ఉన్నాయి, ఎక్కడా తెగవు. పాదసూచిక వచ్చినచోట చిన్నగా దగ్గి, అది చదివి, మళ్ళీ అసలు వాక్యంలోకి వచ్చింది. పట్టిక వచ్చినచోట వేలి కణుపుతో మేజా మీద రెండుసార్లు తట్టింది.

ఈ దగ్గుకో కథ ఉంది. మొదటి రోజుల్లో ప్రతిసారీ "ఇక్కడ పాదసూచిక" అనేది. వింటున్నవాళ్ళకి వాక్యం చేజారిపోయేది. ఒకరోజు నిజంగానే దగ్గు వచ్చింది, దాని వెనకే పాదసూచిక వచ్చింది. ఎదురుగా ఉన్న కుర్రాడు ఎగిరి గంతేసినంత పనిచేసి, "ఇదే బాగుందక్కా, ఇలాగే దగ్గు," అన్నాడు. అప్పట్నుంచి అదే ఆచారమైపోయింది. ఆమె దగ్గర చదువు విన్నవాళ్ళంతా మాటల మధ్య పక్కవిషయం చెప్పాల్సొస్తే ముందు దగ్గుతారు. వాళ్ళు నలుగురు చేరి ఎవరి గుట్టయినా విప్పుతుంటే క్యాంటీను కాస్తా ఆసుపత్రి వరండాలా ఉంటుందని యూనివర్సిటీ అంతా నవ్వుకునేది.

"అక్కా, మధ్యాహ్నం కొత్త బిల్డింగు ఓపెనింగుకి వస్తున్నారా?" అడిగింది అమ్మాయి, అధ్యాయం సగంలో ఆపినప్పుడు.

"రాకుండా ఎలా ఉంటానే? నా గది చూపిస్తానన్నాడు మీ సారు."

చదువులక్క నవ్వింది. ఆ నవ్వులో గొప్ప కాస్త తొంగిచూసింది. తొంగిచూడదా మరి! ఆ 'సారు' ఎవరనుకున్నారు? దగ్గమని చెప్పిన కుర్రాడే.

అప్పట్లో యూనివర్సిటీ అంటే వరసగా వేసిన రేకుల షెడ్లు, మధ్యలో ఒక నీళ్ళ ట్యాంకు. ఆమె ఆఫీసులో రోజుకూలీ టైపిస్టు. చూపు లేని కుర్రాడు సీటయితే తెచ్చుకున్నాడు గానీ చదివిపెట్టే దిక్కులేక, పుస్తకాలు ఒళ్ళో పెట్టుకుని ఆఫీసు మెట్ల మీద కూర్చున్నాడు. వచ్చేపోయే పెద్దమనుషులు తలా కాస్త జాలిపడి వెళ్ళిపోయారు. భోజనాల వేళ టైపిస్టు అతని పక్కన కూర్చుని పై పుస్తకం తీసి చదవడం మొదలుపెట్టింది. అంతే, ఆ రోజు టైపు మిషను ముందునుంచి లేచిన మనిషి మళ్ళీ దాని ముందు కూర్చోలేదు. అతని డిగ్రీ, పై డిగ్రీ, పరిశోధన, అన్నీ ఆమె నోటిమీదుగానే నడిచాయి. థీసిసు ఇచ్చేముందు జ్వరంతో ఉండి కూడా, ముక్కు పట్టేసిన గొంతుతో రెండు పుస్తకాలు చదివి పెట్టింది. ఇప్పుడతను ప్రొఫెసరు. ఇవాళ మొదలయ్యే సమ్మిళిత విద్యా కేంద్రానికి అధిపతి. షెడ్ల స్థానంలో మెడలు నొప్పిపుట్టేంత ఎత్తు భవనాలు లేచాయి. చదివే గది మాత్రం పాత షెడ్డులోనే, దుప్పట్ల మధ్యనే ఉండిపోయింది.

ఇంట్లోవాళ్ళకి మాత్రం ఆమె గొంతు దక్కలేదు. సాయంత్రానికి మిగిలేది గుసగుస. దర్జీపని చేసే భర్త ఆమె ఏదైనా చెప్పబోతే కుట్టుమిషను ఆపి చెవి ఒగ్గాల్సి వచ్చేది. "ఊరందరికీ ఉపన్యాసాలు, నాకు సైగలా?" అని విసుక్కునేవాడు. కూతురు చిన్నప్పుడు పక్కలో చేరి కథ చదవమని అడిగితే, "రేపమ్మా, గొంతు పోతుంది," అనేది. ఆ రేపు రాకుండానే కూతురు పెద్దదై, పెళ్ళి చేసుకుని, తన పిల్లలకి తానే కథలు చదువుకుంటోంది. ఈ సంగతి చదువులక్కకి తెలియక కాదు. కానీ అవతల పరీక్షలుండేవి, ఎప్పుడూ ఎవరివో ఒకరివి పరీక్షలుండేవి.

కొత్త భవనంలో అద్దాల తలుపు, చల్లగాలి, చప్పుడు చొరబడని గోడలు ఉన్న గది తనకిస్తారని ప్రొఫెసరు పోయినేడే చెప్పాడు. ఆ తర్వాత ఒక కోరిక కోరాడు. "పాత రికార్డులు గరగరమంటున్నాయక్కా. మంచి మైకు ముందు నీ గొంతు దాచుకుందాం." 'దాచుకుందాం' అన్న మాటకి ఆమె కరిగిపోయింది. నెలల తరబడి, పనయ్యాక, బయటినుంచి వచ్చిన ఇద్దరు యువకుల ముందు కూర్చుని వాళ్ళిచ్చినదల్లా చదివింది. తలా తోకా లేని వాక్యాలు. ఆశ్చర్యంతో ఒకసారి, విసుగుతో ఒకసారి. కొన్ని పాదసూచికలు కూడా ఇచ్చారు. అలవాటు కొద్దీ దగ్గింది.

మధ్యాహ్నం లా అమ్మాయికి తన మోచెయ్యి పట్టించి కొత్త భవనానికి తీసుకెళ్ళింది. నేలంతా నున్నగా, నడిచేవాళ్ళ కాళ్ళు అందులో తలకిందులుగా కనబడేంత మెరుపు. ఇద్దరూ లిఫ్టు ఎక్కారు.

"తలుపులు మూసుకుంటున్నాయి," అంది చదువులక్క గొంతు.

చదువులక్క నోరు విప్పలేదు. నెత్తిమీద ఎక్కడినుంచో వచ్చిందా మాట. తలెత్తి కప్పువైపు చూసింది.

అమ్మాయి కిలకిలా నవ్వింది. "నిన్న ట్రయల్ వేసినప్పుడు నేనీ లిఫ్టుకి 'నమస్తే అక్కా' అని చెప్పానక్కా! అందరూ ఒకటే నవ్వు. మీరు దీని గురించి మాకు చెప్పనేలేదు!"

"నాకూ ఎవరూ చెప్పలేదే," అంది. మొదట బెదిరింది గానీ, పై అంతస్తు చేరేసరికి కాస్త గర్వంగా కూడా అనిపించింది, అబద్ధమెందుకు. పిల్లలు దారి తప్పకుండా ఉంటారు, మంచిదేగా అనుకుంది. తనతో చెప్పడం ప్రొఫెసరు మర్చిపోయి ఉంటాడు, పనుల ఒత్తిడిలో.

హాల్లో ముందు వరసలో చోటు ఉంచుతానన్నాడు. ముందు వరస నిండిపోయింది. స్తంభం పక్కన నిలబడింది. వైస్ ఛాన్సలరు మాట్లాడాడు. ఈ విశ్వవిద్యాలయం ఎంత ఎదిగిందో, ఎన్ని పరిశోధనలు చేసిందో చెప్పి, ఒక్కరిని కూడా వెనక వదిలేయకుండా ఎదగడమే దీని గొప్పతనమన్నాడు. తర్వాత వేదిక మీది ఒక నల్లటి పెట్టె కింద ఏదో పుస్తకం పేజీ పెట్టారు.

పెట్టె చదివింది. ఆ పుస్తకాన్ని చదువులక్క ఏనాడూ చూడలేదు. అయినా ఆమె గొంతుతో, అచ్చం ఆమె చదివినట్టే చదివింది. పొడుగు వాక్యంలో ఆమె ఆగేచోటే ఆగింది. పాదసూచిక రాగానే చిన్నగా దగ్గింది.

హాలంతా నవ్వులు, చప్పట్లు. "దగ్గు కూడా!" అన్నాడు వైస్ ఛాన్సలరు మురిసిపోతూ.

చదువులక్క ప్రొఫెసరు వైపు చూసింది. అతను తల కాస్త ఎడమకి వాల్చి, పెదవులు విడీవిడనట్టుగా, పెట్టె వైపు చెవి పెట్టి వింటున్నాడు. ఆఫీసు మెట్ల మీద కూర్చున్న మొదటిరోజు నుంచీ ఆ ముఖం ఆమెకు తెలుసు. లోకంలో ఆమె కోసం మాత్రమే అలా వాలే తల అది అనుకుంది ఇన్నాళ్ళూ. నమ్మించి గొంతు కోయడమంటే ఏమిటో ఆమెకు ఆ క్షణాన తెలిసొచ్చింది. నెత్తురు కూడా రాదు. చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొడతారు.

తర్వాత వరండాలో కనబడ్డ ఉద్యోగినిని చదివే గది ఎక్కడని అడిగింది. ఆమె ఎంతో మర్యాదగా తీసుకెళ్ళి అద్దాల తలుపు తీసి చూపించింది. చల్లగాలి వచ్చింది. లోపల ఇనుప అరల్లో యంత్రాలు చిన్న చిన్న దీపాలు వెలిగించుకుని గుయ్యిమంటున్నాయి. కూర్చోవడానికి ఒక్క కుర్చీ కూడా లేదు.

పాత షెడ్డుకి తిరిగొచ్చి, ఒప్పుకున్న మాట ప్రకారం అమ్మాయికి మిగిలిన అధ్యాయం చదివింది. పాదసూచికల దగ్గర దగ్గలేదు. "ఇక్కడ పాదసూచిక," అంది. అధ్యాయం అయ్యాక అమ్మాయి లేచింది. "వెళ్తున్నానక్కా," అని చెప్పి వెళ్ళింది.

ఎండ దిగుతుండగా గుమ్మంలో కర్ర చప్పుడైంది.

"నేనొచ్చానక్కా." ప్రొఫెసరు తడుముకోకుండా వచ్చి, తన పాత కుర్చీలో కూర్చుని కర్ర మడిచాడు. "మీకు ఎలా అనిపించింది?"

మీరు. ఇన్నేళ్ళలో అతను ఆమెను మీరు అనడం అదే మొదలు.

"నా గది ఎక్కడ తమ్ముడూ?"

అతను కర్రని రెండు చేతుల మధ్య దొర్లించాడు. "చెప్పాలనే అనుకుంటున్నా. చదివే పోస్టు కొత్త బిల్డింగులో లేదక్కా. నెలాఖరుకి ఈ షెడ్డు కూడా పడగొట్టేస్తారట. పైవాళ్ళు తీసుకున్న నిర్ణయం."

"ఆ వాక్యాలన్నీ నాతో చదివించింది పైవాళ్ళా?"

అతను కర్ర దొర్లించడం ఆపాడు.

"అప్పుడే తెలుసా నీకు? ఇందుకేనని?"

"తెలుసు."

"ఒక్క మాట అడిగుంటే నా అంతట నేనే ఇచ్చేదాన్ని కదరా! నువ్వడిగింది ఏది కాదన్నాను?"

"వద్దంటారేమోనని భయమేసింది," అన్నాడు. "మీ గొంతు లేకపోతే అసలు ఈ కేంద్రమే ఇవ్వం అన్నారక్కా. మీరొక్కరు ఎంతమందికి చదువుతారు చెప్పండి? ఇప్పుడు ఎంతమందైనా, ఏ వేళప్పుడైనా..."

చదువులక్కకి గట్టిగా అరవాలనిపించింది. భర్తకి, కూతురికి పెట్టకుండా దాచిందంతా కలిపి ఒక్కసారి, షెడ్డు రేకులు లేచిపోయేలా. కానీ ఆ అరుపు కూడా ఇక్కడ పారబోయడం దండగనిపించింది. ఆ గొంతుని ఇంటికి తీసుకెళ్దామనుకుంది. అక్కడ ఇంకా అడుగుతున్నవాళ్ళున్నారు.

అతను చెప్పుకుపోతూనే ఉన్నాడు. ఆమె మౌనంగా ఉంటే వింటోందని అతని నమ్మకం. వేలి తొడుగు తీసి మేజా మీద పెట్టింది. ఫ్లాస్కు సంచిలో వేసుకుంది. కుర్చీ జరపకుండా, ఒళ్ళు ఏటవాలుగా చేసి లేచింది. రికార్డుకి అడ్డురాకుండా ఈ గదిలో మసలడం ఆమెకు వెన్నతో పెట్టిన విద్య. నాలుగడుగులు వేసి గుమ్మం చేరింది. 'వెళ్తున్నా' అన్న మాట అలవాటు కొద్దీ నాలుక చివరికొచ్చింది. దాన్ని మింగేసి, చెప్పులు చేత్తో పట్టుకుని వరండా దాటింది. గేటు దాటాక గానీ వాటిని కాళ్ళకి తొడుక్కోలేదు.

గదిలో ప్రొఫెసరు ఖాళీ కుర్చీతో మాట్లాడుతున్నాడు.

"...దగ్గు తీసేద్దామన్నారక్కా వాళ్ళు. చెత్త చప్పుడట. నేనే పట్టుబట్టి ఉంచాను. అది నువ్వూ నేనూ కలిసి పెట్టుకున్నది కదా. నువ్వు లేకపోతే నేనెక్కడ ఉండేవాణ్ణి చెప్పు?"

జవాబు కోసం ఆగాడు. దుప్పటి వెనక కిటికీ రెక్క కిర్రుమంది. అతను చిన్నగా దగ్గి, వంతు ఆమెదన్నట్టు మళ్ళీ ఆగాడు.

"అక్కా?"

మేజా మీదుగా చేయి చాచాడు. ఆమె చేయి ఉండాల్సినచోట అతని వేళ్ళకి రబ్బరు తొడుగు తగిలింది, నిటారుగా, వేలి ఆకారం పోకుండా, లోపల ఇంకా వెచ్చగా.