ఆండాలు అరచెయ్యి

పొద్దున్నే బర్రెల పాలు పిండి, క్యాన్లు సైకిళ్లకు తగిలించుకుని మగవాళ్లు వెళ్లిపోయాక గౌలిపురలోకి పూల కాశమ్మ వస్తుంది. గుడిమల్కాపూర్ తోటల కనకాంబరాలు ఇంటింటికీ మూర వేసి ఇస్తుంది. ఆండాలు గడప దగ్గర మాత్రం అడక్కుండానే మల్లెలు తీస్తుంది. ఆండాలు జడలో ఏ పువ్వు పెట్టినా రంగు పోతుంది. మల్లెలైతే పోయేదేమీ లేదు.

ఆండాలు నలుపు తెలుపుల్లో ఉంటుంది. ఒకప్పుడు మద్రాసులో హీరోయిన్. మొదటి సినిమాకు పెదవుల ఎరుపు పోయింది, తరవాతి సినిమాకు పాదాల పసుపు. ఇట్లా ఒక్కో రంగూ వదులుకుని, చివరికి తెర మీద ఎట్లా ఉండేదో అట్లాగే వచ్చి తమ్ముడు లక్ష్మయ్య ఇంట్లో పడింది. ఆమె కడితే ఎర్రచీరా బూడిదే, పచ్చచీరా బూడిదే. చీరలు అమ్మే అతను ఆమెకు రంగులు చూపించడు, అంచులు చూపిస్తాడు.

వాడకట్టుకు విసుగు పుట్టించేది ఆమె రంగు కాదు, ఆమె కోపం. గౌలిపుర యాస పనికిరాదని మద్రాసు వాళ్లు ఆమె బొమ్మకు ఇంకొకరి గొంతు పెట్టారు. పేరు మార్చారు. నాలుగేళ్లు పోగానే మొన్నటిదాకా పక్కన పాటలు పాడిన హీరోకే తల్లి వేషం వెయ్యమన్నారు. రోజూ క్యాన్లు తోముతూ ఆమె వాళ్లందరినీ పేరుపేరునా తిడుతుంది. తిట్టే హక్కు ఆమెకు లేదా? కానీ వినీ వినీ అందరికీ అది పాత రేడియో మోత అయిపోయింది.

అందరికన్నా ఎక్కువ తిట్లు రామ్‌చందర్‌కు. ఆమెను రైలెక్కించిన ఏజెంటు అతనే. ఆమెకు రంగు తగ్గినకొద్దీ అతని చెంపలు ఎర్రబడ్డాయి. అరవై దాటినా దానిమ్మపండులా నిగనిగలాడుతుంటాడు. అదీ అందరూ చూశారు, దానికీ ఎవరూ ఏమీ అనుకోలేదు.

డెబ్బై ఒకటో సంవత్సరం ఎండాకాలంలో ఆ రామ్‌చందర్ మళ్లీ వచ్చాడు, ఈసారి లక్ష్మయ్య కూతురు సక్కుబాయి కోసం. పిల్లకు సినిమాలంటే పిచ్చి. లక్ష్మయ్యకు ఉన్న భయమల్లా ఒకటే, పిల్ల రంగు పోతుందేమోనని. రామ్‌చందర్ ఆ భయాన్ని ఒక్క మాటతో తీసేశాడు. ఇది కలర్ సినిమా, కలర్ కెమెరా రంగును చూపిస్తుంది గాని మింగదు అన్నాడు. లక్ష్మయ్య నమ్మాడు. ఆండాలు మూడు పూటలా అన్నం మానేసి లొల్లి పెట్టినా వినలేదు.

"నువ్వు బతికి రాలేదా అక్కా? ఏమైందని గింత ఫికర్ చేస్తవ్?" అన్నాడు.

తమ్ముడు గనక ఊరుకుంది. వేరేవాళ్లయితే చేతిలో క్యాను మొహం మీద పడేది.

ప్రయాణం రోజు వాకిట్లో కారు ఆగింది. రామ్‌చందర్ ఒక పెట్టె ఇచ్చి, మొదటి పాటకు పిల్ల కట్టుకునే చీర అందులోనే ఉందనీ, ఒకసారి కట్టి చూపించమనీ అన్నాడు. సక్కుబాయి కట్టుకుని వచ్చింది. లేత పసుపు చీర. తల్లి బుచ్చమ్మ కుంకుమ బరిణె పట్టుకుని మురిసిపోతోంది. ఆండాలు తోముతున్న క్యాను పక్కన పెట్టి లేచింది.

"పాటల ఏం రంగు చీర కడతది పిల్ల?" అని అడిగింది.

"తెల్లచీరేనండీ ఆండాలుగారూ, హంసలా ఉంటుంది," అన్నాడు రామ్‌చందర్, అలవాటైన నోటితో.

అని, నోరు మూసుకున్నాడు.

ఆండాలు తమ్ముడి వైపు తిరిగింది. "కలర్ల తెల్లచీర కావాల్నంటే తెల్లదే కడతరు లక్ష్మయ్యా. నలుపు తెలుపు కెమెరకు అసలు తెలుపు పనికిరాదు, లైట్ల కింద ముఖం కనపడకుంట మెరుస్తది. గందుకే గిట్ల లేత పసుపు కడతరు. నాకు కట్టిచ్చింది గిదే. నన్ను తిన్న కెమెరకే నీ బిడ్డను తోలుకపోతుండు."

లక్ష్మయ్య పిల్ల ఒంటి మీది పసుపు చీర వైపు చూశాడు. రామ్‌చందర్ సర్దుకుని నవ్వాడు. పెద్దావిడకు మతి పోయిందనీ, రైలుకు టైమవుతోందనీ పిల్ల జబ్బ పట్టుకున్నాడు.

అంతే. ఆండాలు చెయ్యి లేచింది. ఇన్నేళ్ల తిట్లన్నీ ఆ చేతిలోకి వచ్చాయి. ఆ దెబ్బకు కొట్టంలో బర్రెలు తలలెత్తాయి.

రామ్‌చందర్ చెంప మీద అయిదు వేళ్లూ తేలాయి, ఎర్రగా కాదు, బూడిదరంగులో. చూస్తూండగానే ఆ చెంపంతా బూడిదయింది. ఎరుపు ఆండాలు అరచేతిలోకి వచ్చింది. గీతలూ గోళ్లూ సహా ఆ ఒక్క చెయ్యీ ప్రాణమున్న మనిషి చెయ్యిలా ఉంది.

ఆమె బుచ్చమ్మ బరిణెలో వేలు ముంచి సక్కుబాయికి బొట్టు పెట్టింది. ఆమె ముట్టుకుంటే బొగ్గులా అయిపోయే కుంకుమ ఈసారి ఎర్రగా నిలిచింది. సక్కుబాయి ఆ వేలినీ, రామ్‌చందర్ చెంపనూ మార్చి మార్చి చూసింది. లోపలికి వెళ్లి చీర మార్చుకుని, ఆ పసుపు చీర తెచ్చి కారులోకి విసిరేసింది. రామ్‌చందర్ చెంప చేత్తో కప్పుకుని కారెక్కాడు. లక్ష్మయ్య తల వంచుకుని, అక్క తోముతూ వదిలేసిన క్యాను తీసుకుని తోమసాగాడు.

మర్నాడు కాశమ్మ అలవాటుగా మల్లెలు తీసింది.

"కనకాంబరాలియ్యి," అని ఆండాలు కుడిచెయ్యి చాపింది. ఆ అరచేతిలో పూలు కనకాంబరాల రంగులోనే ఉన్నాయి. కాశమ్మ కాసేపు చూసి, జడలో పెడితే మళ్లీ పోతుంది గదా అక్కా అంది.

"ఇప్పటికి చేతిలనే పట్టుకుంట," అంది ఆండాలు. "వానికి ఇంకో చెంప ఉన్నది. నాకు మద్రాసు రైలు ఎన్ని గంటలకో లక్ష్మయ్య కనుక్కొని వస్తడు."