క్లీనర్ సైడు

కారు హ్యాండిల్ విరిగిన రోజు మా ఇంట్లో ఎవరో పోయినట్టే అయింది. మా ఆయన ఆర్థర్ మధ్యాహ్నం భోజనం మానేశారు. ఆయన భోజనం మానడం అంతకు ముందు ఒక్కసారే చూశాను, అదీ డాక్టరు మానెయ్యమంటే.

కారంటే మీరనుకునే కారు కాదు. ఇంగ్లండులో పుట్టి, ఎక్కడో కాఫీతోటల్లో వయసంతా గడిపి, నలుగురి చేతులు మారి, చివరికి పద్మారావు నగర్‌లో మా వాకిట్లో చతికిలబడిన ఎర్ర స్పోర్ట్స్ కారు. రెండే తలుపులు, రెండే సీట్లు. నేలకు జానెడు ఎత్తులో ఉంటుంది కాబట్టి దాంట్లోకి ఎక్కడం అనకూడదు, దిగడం అనాలి. ఆఫీసులో హెడ్ క్లర్కుగా ఉన్న మనిషికి స్పోర్ట్స్ కారెందుకని నేను అడిగాను. “నీకు అర్థం కాదులే సువార్తా” అన్నారు. పాపం అబద్ధం చెప్పలేదు, ఇప్పటికీ అర్థం కాలేదు.

రెండో సీటు నాకోసమే అనుకున్నాను, కొత్తలో. దాని మీద ఎప్పుడూ తువ్వాలు పరిచి ఉండేది. మనుషులు కూర్చుంటే తోలు పాడవుతుందట. ఆదివారం ఆయన కారులో చర్చికి వచ్చేవారు, నేను సిటీ బస్సులో వచ్చేదాన్ని. ఆరాధన అయ్యాక నలుగురూ కారు చుట్టూ మూగేవారు. దాని ఇంజను గురించి చెబుతుంటే ఆయన ముఖం వెలిగిపోయేది. నేను ఆ వెలుగు చూసుకుంటూ బస్సు కోసం నిలబడేదాన్ని.

అలాంటి కారుకు డ్రైవరు తలుపు బయటి హ్యాండిల్ మొదలంటా విరిగి ఒక సాయంత్రం ఆయన చేతిలోకి వచ్చేసింది. అద్దం దించి ఉంచుకుని, చెయ్యి లోపలికి పెట్టి తీసుకోవచ్చు కదా అన్నాను. సరేనని అలాగే చేశారు. మోండా మార్కెట్ దగ్గర నిలిపి వచ్చేసరికి ఎవరో పుణ్యాత్ములు సీటు నిండా చెరుకు పిప్పి పోసి పోయారు. ఎర్రగా, పొట్టిగా ఉంది కదా, మునిసిపాలిటీ వాళ్లు కొత్తగా పెట్టిన చెత్తకుండీ అనుకుని ఉంటారు. నేనైతే వాళ్లను తప్పు పట్టలేదు.

ఆ తర్వాత అద్దం ఎత్తేసి, ఎడమ తలుపులోంచి దూరి, డ్రైవరు తలుపు లోపలి గడియ అందుకోబోయారు. నడుము పట్టేసింది. సగం మనిషి కారులో, సగం వీధిలో. పక్కింటి బ్రహ్మచారిగారు, పేరుకే బ్రహ్మచారి, సంతానం మాత్రం నిండుగా ఉంది, ఇంటిల్లిపాదినీ వెంటేసుకుని వచ్చి మెల్లగా బయటికి లాగారు. ఇక వంగితే మంచం మీదే అన్నాడు డాక్టరు.

అప్పుడు మా ఆయనకు నేను గుర్తొచ్చాను. నేను ఎడమ వైపు నుంచి ఎక్కి, వంగి గడియ లాగాలి. ఆయన బయట దొరలా నిలబడి, తలుపు తెరుచుకున్నాక కూర్చోవాలి. అలా నాకు హ్యాండిల్ ఉద్యోగం దొరికింది. ఉద్యోగి లేనిదే బండి కదలదు కనుక ఆయన ఎక్కడికి వెళ్తే అక్కడికి నేనూ వెళ్లాల్సి వచ్చేది. ఏ.ఎస్. రావు నగర్‌లో ఉన్న స్నేహితుడు రిచర్డ్ ఇంటికి, ఇరానీ హోటలుకు, ఆదివారం చర్చికి, ఏమీ పని లేకపోతే ఊరికే ట్యాంక్‌బండ్ మీదికి.

నాకు చాలా బాగుండేది. వెటకారం పక్కన పెట్టి చెబుతున్నాను, ఆ సీట్లో కూర్చోవడం నాకు ఎంతో ఇష్టంగా ఉండేది. ఇంట్లో పేపరు చాటున ఉండే మనిషి కారులో మాట్లాడేవారు. చిన్నప్పుడు బందరులో పీత కరిచిన సంగతి, ఆఫీసులో ఎవరిని చూస్తే ఒళ్లు మండుతుందో, అన్నీ. ఒకరోజు ట్యాంక్‌బండ్ మీద నేనడగకుండానే మొక్కజొన్న పొత్తు కొనిచ్చారు. హ్యాండిల్ బాగుపడితే ఇదంతా పోయి మళ్లీ నాకు సిటీ బస్సే గతి. అందుకని చర్చిలో ఒకే పాటల పుస్తకం చెరో వైపు పట్టుకుని, హ్యాండిల్ దొరకాలని ఆయన, దొరకకూడదని నేను ప్రార్థించుకునేవాళ్లం. దేవుడికి మా వల్ల ఎంత ఇబ్బందో.

రాణీగంజ్‌లో ఆయన తొక్కని షాపు లేదు. అలాంటి హ్యాండిల్ చూడనే లేదని ఒకరు, వచ్చేవారం రమ్మని ఒకరు. ఒకాయన స్కూటరు బ్రేకు తెచ్చి, ఇది పనికొస్తుందేమో చూడమన్నాడు. నా గొలుసు పోతే ఇందులో సగం కూడా వెతికి ఉండరు. వెతకడానికి వెళ్లినప్పుడల్లా గడియ తీసి ఇచ్చింది మాత్రం నేనే.

చివరికి ఎవరో చెబితే మెకానిక్ తుకారాం షెడ్డుకు వెళ్లాం. తుకారాం కారు చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు. కుడి తలుపు చూశాడు, ఎడమ తలుపు చూశాడు.

“పరేషాన్ కాకున్రి సాబ్. క్లీనర్ సైడ్‌ది తీసి డ్రైవర్ సైడ్‌కు బిగిస్త. రెండు ఒక్క తీరుగనే ఉన్నయ్” అన్నాడు.

లారీలు బాగుచేసేవాళ్ల లెక్కలో ఏ బండికైనా కుడి పక్క డ్రైవర్ సైడు, ఎడమ పక్క క్లీనర్ సైడు. లారీలో అక్కడ కూర్చునేది క్లీనరే కాబట్టి. కలెక్టరుగారి భార్య కూర్చున్నా వాళ్లకు అది క్లీనర్ సైడే. ఆ సంగతి తెలుసు కనుక తుకారాం మాటకు నేనేమీ అనుకోలేదు.

“మరి అటు పక్క?” అన్నారు ఆయన.

“అటు ఖాలీ ఉంటది. ఏమైతది సాబ్? డ్రైవర్ సైడ్ అంటే రోజు కావాలె. క్లీనర్ సైడ్ ఎవలెక్కుతరు?”

నేను వాళ్లిద్దరి మధ్యనే గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నాను. మా ఆయన నా వైపు చూడలేదు. మెరుస్తున్న హ్యాండిల్ వైపు చూస్తూ, “ఎవరూ ఎక్కరు. తీసెయ్” అన్నారు.

ఆ మాట నన్ను కోసేసింది. దాన్ని నలుగురికీ నవ్వొచ్చేలా చెప్పడం నాకు చేతకాదు.

తుకారాం చకచకా నా తలుపు హ్యాండిల్ ఊడదీసి బానెట్ మీద గుడ్డ వేసి పెట్టాడు. “జెర పెద్ద పానా తెస్త” అంటూ లోపలికి వెళ్లాడు. నేను హ్యాండిల్ తీసి బ్యాగులో వేసుకుని జిప్పు లాగాను.

“అదేంటి సువార్తా? అది ఇలా ఇవ్వు.”

“ఎవరూ ఎక్కని వైపుది కదండీ. మీకెందుకు?” అని రోడ్డు మీదికి నడిచాను.

తుకారాం పానాతో బయటికి వచ్చాడు. “అమ్మా, గది డ్రైవర్ సైడ్‌కు ఎయ్యాలె.”

“క్లీనరు పట్టుకుపోయిందని మీ సాబ్‌కు చెప్పు” అన్నాను.

ఆటో ఆగితే ఎక్కి, లోపలికి జరగకుండా ఎక్కే వైపు చివరే కూర్చున్నాను. ఇంకో మనిషి కూడా ఎక్కుతారనుకున్నాడేమో, ఆటో అతను వెంటనే కదలలేదు. వెనక నుంచి మా ఆయన ఒక చెయ్యి నడుము మీద వేసుకుని వచ్చారు. ఆటోకు తలుపు ఉండదు, ఎవరూ తీసి పెట్టనక్కర్లేదు.

“కాస్త జరుగు” అన్నారు.

నేను జరగలేదు. అవతలి పక్క ఇనుప చువ్వ అడ్డం ఉంది. ఎక్కాలంటే నన్ను దాటుకునే పోవాలి. ఆయన ఒక క్షణం నా ముఖంలోకి చూశారు. తర్వాత డాక్టరు వంచొద్దన్న నడుమును వంచి, నా మోకాళ్ల మీదుగా, అబ్బా అనుకుంటూ, చొక్కా చువ్వకు తగిలి చిరుగుతున్నా ఆగకుండా అవతలి మూలకు చేరారు. నేను సాయం చెయ్యలేదు.

“సాబ్, మరి బండి ఎట్ల?” అని తుకారాం షెడ్డు ముందు నుంచి అడుగుతున్నాడు. ఆయన తల తిప్పలేదు. “పద్మారావు నగర్” అన్నారు ఆటో అతనితో.

హ్యాండిల్ ఎప్పుడడుగుతారా అని రాణీగంజ్ దాటేదాకా కాచుకున్నాను. అడిగితే ఇచ్చేసేదాన్నే, నాకు అంత పౌరుషం లేదు. ఆయన అడగలేదు. గతుకు వచ్చినప్పుడల్లా కళ్లు మూసుకుంటున్నారు.

“నొప్పిగా ఉందా?” అన్నాను చివరికి.

“ఉంది.”

“నాకూ ఉంది” అన్నాను.

“తెలుసు” అన్నారాయన.