నలభై ఒకటి

"ఇది కొంచెం పట్టుకోండి మేడం."

పొద్దుట్నించీ ఇదే మాట. ఒకళ్ళ కోటు, ఒకళ్ళ నీళ్ళ సీసా, ఇంకొకళ్ళ కళ్ళజోడు. పరాయి దేశానికొచ్చి నేను చేస్తున్నది కొక్కెం ఉద్యోగం. పదో తరగతి పిల్లలు నలభై ఒక్క మంది, మా ప్రిన్సిపాల్ సారు, నేను. సారుకి పిల్లలు పెట్టిన పేరు టైంటేబులు. ఆడపిల్లలున్నారు కాబట్టి లేడీ టీచరు ఉండి తీరాలని నన్ను విమానం ఎక్కించారు. "ఊళ్ళు తిరగడానికి జీతం కూడానా! పిల్లల్ని లెక్కపెట్టడం, అదీ ఓ పనేనా?" అన్నాడు మా ఆయన. పనో కాదో గానీ, ఈ ఒక్క రోజే పదకొండుసార్లు లెక్కపెట్టాను. హోటలు ఖాళీ చేసేటప్పుడు, మ్యూజియంలోకి వెళ్ళేటప్పుడు, వచ్చేటప్పుడు, వంతెనకి ఇటు, అటు. మ్యూజియంలో ఏం చూశావంటే పిల్లల నెత్తులు చూశానని చెప్పాలి. అందరి పాస్‌పోర్టులూ నా నడుముకి కట్టుకున్న సంచిలోనే ఉన్నాయి. నడుం విరిగిపోతోంది.

నేను చూడాలనుకున్నది ఒక్కటే, ఈ లైట్‌హౌస్. జాగ్రఫీ టీచర్ని. ఎత్తుకి వెళ్ళేకొద్దీ సముద్రం అంచు దూరం జరుగుతుందని పదహారేళ్ళుగా బోర్డు మీద బొమ్మ గీసి చెప్తున్నాను. నేల మీద నిలబడితే నాలుగైదు కిలోమీటర్లు, అరవై మీటర్ల పైనుంచైతే ఇరవై ఎనిమిది. ఏ పిల్లాడైనా లేచి "మీరు చూశారా మేడం?" అని అడుగుతాడేమోనని ప్రతి ఏడూ భయమే. మధ్యాహ్నం ఇక్కడ దిగగానే సారు నా వైపు తిరిగి, "సంచులున్నాయి కదా మేడం, మీరు కింద ఉండండి, మేం వచ్చాక వెళ్దురుగాని" అన్నారు. వాళ్ళు గంటన్నర తర్వాత దిగారు. "పైనేముంది మేడం, గాలి" అని ఆయనే తేల్చేశారు కూడా. చూసొచ్చినవాళ్ళకి గాలే మరి! నేను మాత్రం పిడికిట్లో నలిగిన టికెట్టు పట్టుకుని మొదటి మెట్టు మీద కాలు పెట్టాను. అప్పుడే వెనకనుంచి ఎవరో చెయ్యి లాగారు.

వసపిట్ట. క్లాసులో నోరు మూయని పిల్ల. ఇప్పుడు నోట మాట లేదు, కళ్ళనిండా నీళ్ళు. దాని ప్యాంటు చూడగానే అర్థమైంది. బాత్రూముకి తీసుకెళ్ళి, ప్యాడ్ ఇచ్చి, మరక కడిగి, నా స్వెటర్ విప్పి దాని నడుముకి కట్టాను. "ఎవరికీ తెలీదులే తల్లీ, వెళ్ళి బస్సెక్కు" అని పంపించాను. తర్వాత నేనేం చేశానో తెలుసా? బేసిన్ కడిగాను. ఎవరూ అడగలేదు. అలవాటు.

బయటికొస్తే బస్సు లేదు.

అటూ ఇటూ పరిగెత్తాను, పార్కింగు చివరిదాకా వెళ్ళి మళ్ళీ వచ్చాను. జరిగిందేమిటో కళ్ళకి కట్టినట్టు తెలుస్తూనే ఉంది. వసపిట్ట సిగ్గుతో వెనక సీట్లో ముడుచుకుని ఉంటుంది. ఈ ఒక్కసారికి సారే లెక్కపెట్టి ఉంటారు. నలభై ఒకటి వచ్చి ఉంటుంది. రైట్ రైట్! ఎందుకో మా అత్తగారు గుర్తొచ్చారు. ఫోన్లో ఎవరడిగినా, "పెద్ద సంసారమేం కాదమ్మా, ఇంట్లో నలుగురమే" అంటారావిడ. ఆవిడ, ఆవిడ కొడుకు, ఇద్దరు పిల్లలు. ఆ మాట వింటూ వాళ్ళ నలుగురికీ టీ కప్పులు అందించిన చెయ్యి నాది. అప్పుడు రాని కోపం, పెళ్ళయిన ఇరవై ఏళ్ళకి, ఈ ఖాళీ పార్కింగులో వచ్చింది. చెవులు వేడెక్కేంత కోపం. సారు నంబరు మీదికి వెళ్ళిన వేలు ఆగిపోయింది. ఎంతసేపటికి తెలుస్తుందో చూద్దాం అనుకున్నాను.

గేటు దగ్గరి ఆవిడ మూసెయ్యడానికి తాళాలు బయటికి తీస్తోంది. టికెట్టు చూపించాను. గడియారం చూసి, నా మొహం చూసి, వెళ్ళమని తలూపి, మళ్ళీ కుర్చీలో కూర్చుంది.

నూరో మెట్టు దగ్గర ఫోను. సారు. "మేడం, ఒకడు వాంతులు చేసుకుంటున్నాడు, మందుల సంచెక్కడ?"

"డ్రైవరు వెనక సీటు కింద, నీలం సంచి. సగం మాత్ర చాలు."

"థాంక్స్ మేడం." పెట్టేశారు. బస్సులోనే ఉందనుకుంటున్న మనిషికి ఫోనెందుకు చేస్తున్నానా అని కూడా అనుకోలేదు. నవ్వాలో ఏడవాలో తెలీలేదు.

రెండొందలో మెట్టు. మా ఆయన. "చిన్నదాని స్కూలు బూట్లెక్కడ తగలడ్డాయి?"

"మంచం కింద." ఎలా ఉన్నావని అడుగుతాడేమోనని ఒక్క క్షణం ఫోను చెవి దగ్గరే ఉంచుకున్నాను. పెట్టేశాడు.

పైకొచ్చాను. గాలి చెంపలు వాయించింది. సముద్రం అంచు నిజంగానే దూరం జరిగింది. బోర్డు మీద నేను గీసిన గీతే, కాకపోతే ఇది గీసుకుంటూ చుట్టూ తిరిగిపోయింది. గట్టిగా ఏడ్చాను. పైన ఎవరూ లేరు, ఎవరికి సర్దిచెప్పాలి?

మళ్ళీ ఫోను. "మేడం, కొత్త హోటల్‌కొచ్చేశాం. కౌంటర్లో పాస్‌పోర్టులు అడుగుతున్నారు, కొంచెం ముందుకి రండి."

ఫోను గాలికి ఎదురుగా పట్టుకున్నాను.

"మేడం? మేడం, మీరెక్కడున్నారు?"

గంటా పది నిమిషాలు పట్టింది ఈ ప్రశ్నకి.

"లైట్‌హౌస్ పైన ఉన్నాను సార్."

అవతల గొంతు పీలగా వినిపించింది. "నేను లెక్కపెట్టాను మేడం. సరిగ్గా నలభై ఒకటి వచ్చింది."

"వస్తుంది సార్. నేనూ రోజూ అలాగే లెక్కపెడతాను."

"బస్సు వెనక్కి పంపిస్తున్నాను, మీరు కిందికి దిగి..."

"పంపించండి. అది వచ్చాకే దిగుతాను" అన్నాను. నడుముకున్న సంచి విప్పి నేల మీద పెట్టాను. చుట్టూ చూసి, పన్నెండోసారి లెక్క మొదలుపెట్టాను. ఈసారి నా దగ్గర్నించి.