అంకె కోసం ఆగిన చేయి

ఇన్నేళ్లు తాను నేర్పినది ఆత్మరక్షణా, విధేయతా?

కోరుట్లలో అద్దెకు తీసుకున్న హాలు మధ్యన నిలబడి ఎహసాన్ ఆ ప్రశ్న వేసుకున్నాడు. ఎదురుగా ఏడుగురు ఆడవాళ్లు చాప మీద చెప్పుల్లేకుండా వరుస కట్టి ఉన్నారు. సకల జనుల సమ్మె మొదలై ఇరవై రోజులు దాటింది. బస్సులు లేవు. అతడు జగిత్యాల నుంచి స్కూటర్ మీద వచ్చి కుంగ్‌ఫూ నేర్పిపోతున్నాడు.

వరుస చివర కృపారాణి. మేడిపల్లి మనిషి, ఇక్కడి నర్సింగ్ హోంలో ఆయా. దొరికిన ఆటో దించినచోట దిగి, మిగతా దూరం నడుస్తుంది. నిన్న పొద్దున మక్కజొన్న చేల నడుమ ఒకడు మోటార్‌సైకిల్ ఆపి ఆమె చేయి పట్టి గుంజాడు. అంతలో ట్రాక్టరు వచ్చింది, వదిలేసి పోయాడు. ఆమె ఎడమ మణికట్టు వాచింది. ఇవాళ తోడు దొరికింది, రేపు మళ్లీ ఒంటరిగా అదే బాట. పోకుంటే కొలువు ఉండదు.

రెండేళ్లుగా నేర్చుకుంటున్న మనిషి, తరగతిలో అందరికన్నా మెరుగు. ఎందుకు కొట్టలేకపోయిందని ఎహసాన్ అడిగాడు. ఆమె నేల చూస్తూ చెప్పింది.

"హార్స్ స్టాన్స్‌ల నిలవడ్డ మాస్టర్. కాళ్లు మంచిగనే కుదిరినయి. పిడికిలి గూడ నడుముకు తెచ్చిన."

"మరి?"

"మీరు 'ఒకటి' అంటరని సూసిన."

బీడీలు చేసే రాజక్క గొంతు సవరించుకుంది.

"గట్లయితే ఆన్ని గూడ మన క్లాసుల చేర్పియ్యాలె మాస్టర్. ఎప్పుడు ఆగాల్నో ఆనికెట్ల తెలుస్తది?"

అందరూ నవ్వారు, కృపారాణి కూడా. ఎహసాన్‌కు నవ్వు రాలేదు. అతడు 'ఒకటి' అని లెక్క మొదలుపెట్టనిదే ఇక్కడ ఏ చేయీ కదలదు. ఒక్క మాటకు అన్ని పిడికిళ్లు ఒక్కసారే గాలిని కోయడం అతని గర్వం. ఆ మాటకు ముందుండే నిశ్శబ్దాన్ని తాను కోరుకున్నాడు. నిజం చెప్పుకోవాలంటే, అందులో తన గొంతు తనకే ఇంపుగా వినిపించేది.

పద్ధతి మాత్రం అతని గురువుది. సిరిసిల్ల ఖాలిద్ ఉస్తాద్ ముంబయి పక్క భివండీలో మగ్గాల మీద బతుకుతూ నేర్చుకొచ్చిన విద్య అది. గుర్రం మీద కూర్చున్నట్టు మోకాళ్లు వంచి నిలబడటమే ఆరు నెలలు. ఒక్క కదలిక కలపనని, ఒక్కటి తీసేయనని ఎహసాన్ ఆయనకు మాట ఇచ్చాడు.

బయటికి వెళ్లి ఆయనకు ఫోన్ చేశాడు. ఉస్తాద్ దగ్గుతూ అంతా విన్నాడు. పిల్లకు సాధన చాలలేదని, ఇంకో ఏడాది చేయించమని అన్నాడు. ఆమె రేపు పొద్దున్నే ఆ బాటన నడవాలని ఎహసాన్ చెప్పాడు. మాట తప్పొద్దని అని ఉస్తాద్ ఫోన్ పెట్టేశాడు.

ఎహసాన్‌కు కోపం రాలేదు. బడలిక ఒక్కటే మిగిలింది. ఎదుటివాడూ నిలబడి, వంగి, నమస్కరించే లోకం కోసం పుట్టిన విద్య ఇది. పదేళ్ల ఓర్పుతో మనిషిని మలుస్తుంది, కాదనలేడు. కృపారాణి చేతిలో పదేళ్లు లేవు, ఒక్క పగలుంది. మాట నిలుపుకుంటే తాను మంచి శిష్యుడవుతాడు. దాని వెల ఇంకొకరి మణికట్టు.

లోపలికి వచ్చాడు.

"చెప్పులు తొడుక్కోండ్రి. సంచులు భుజానికి తగిలించుకోండ్రి. బయటికి పోదాం."

ఎందుకని రాజక్క అడిగింది.

"ముందుగాల గట్టిగ ఒర్రుడు. తర్వాత చెయ్యి ఇడిపించుకునుడు. తర్వాత ఉరుకుడు. గుద్దుడు గత్యంతరం లేకుంటెనే."

"ఉరుకుడు గూడ కుంగ్‌ఫూనేనా మాస్టర్?"

"ఇయ్యాల్టి సంది."

ఎండ నిండిన కంకర బాట మీద నిలబడి, పట్టు ఎక్కడ బలహీనమో చూపించాడు: పట్టుకున్నవాడి బొటనవేలి వైపు. అటు తిప్పి లాగాలని, వాడి పాదాన్ని మడమతో తొక్కాలని చెబుతూ, మాట మధ్యలోనే కృపారాణి కుడి చేయి గట్టిగా పట్టి గుంజాడు.

ఆమె అరిచింది. చేయి తిప్పింది. మడమ అతని పాదం మీద నిజంగానే దిగింది. నొప్పికి ఎహసాన్ వంగిపోయి, తలెత్తి చూసేసరికి ఆమె ఇరవై అడుగుల అవతల ఉంది. చెప్పులతో కంకర చిమ్ముతూ, ఇంకా పరుగెడుతూనే ఉంది.