రెండో గొట్టం

రాజగోపాల్‌తో కాపురమంటే వారంటీ కార్డు లేని మిషను కొనుక్కోవడమేనని చాముండేశ్వరి ఎప్పుడో తేల్చుకుంది. చెడిపోతే ఎవరికీ చెప్పుకోలేం, పనిచేస్తే ఆ చప్పుడు భరించలేం.

ఆయన గల్ఫ్‌లో, అర్దియా పేటలో వ్యవసాయ యంత్రాలమ్మే ఇంజనీరు. గాలిబండి ఆయన ఇష్టదైవం. ఫ్యాను ఊదితే విత్తనాలూ, పొడి ఎరువూ గొట్టాల్లోంచి సాళ్లలో పడతాయి. ఇరాక్ సైన్యం వచ్చి ఆ చిన్న దేశాన్ని ఆక్రమించినా, యజమాని సౌదీకి పారిపోయినా ఈయన భక్తి చెక్కుచెదరలేదు. తాముండే అబూ హలీఫాలో మనవాళ్లంతా స్వదేశం చేరడానికి జోర్డాన్ బస్సులకు మూటలు కడుతుంటే, "మనమెందుకే పోవడం? పెరట్లో మొక్కజొన్న వేద్దాం. మొలవకపోతే అప్పుడడుగు," అన్నాడు. ఆరేళ్ల కూతురు ప్రణతి పాలపొడి డబ్బా అడుగు గీరుతున్న చప్పుడు ఆయన చెవిన పడలేదు.

వాక్యూమ్ క్లీనరు ఎదురు ఊదేలా తిప్పి, దానికో గొట్టం బిగించాడు. గరాటులో మొక్కజొన్న గింజలూ యూరియా కలిపి పోశాడు.

"మీ కంపెనీ బొమ్మల పుస్తకంలో గాలిబండికి రెండు గొట్టాలున్నాయండీ," అంది చాముండేశ్వరి. ఆ పుస్తకం కాగితాలే వంటింటి అరల్లో పరుచుకుంది మరి. "గింజకొకటి, ఎరువుకొకటి. ఎరువు రెండంగుళాలు ఎడంగా పడుతుంది."

"రెండోది స్పేరే, పిచ్చిదానా! బాటనీ బీయస్సీకి మిషన్లేం తెలుస్తాయి? ఇంకో గ్లాసు యూరియా పొయ్యి."

"ఒకటేం ఖర్మ, రెండు పోస్తాను," అని నిండుగా పోసింది.

ఆయన మిషను వేయగానే లేచిన మోతకు ఇరాకీ సైనికుడొకడు గోడ మీంచి తొంగిచూశాడు. కాసేపు చూసి, జాలిగా తలాడించి వెళ్లిపోయాడు. శత్రువు కూడా జాలిపడే మొగుణ్ణిచ్చినందుకు ఆమె దేవుడికో దణ్ణం పెట్టుకుంది.

అప్పట్నుంచీ రోజూ ఆయన సాళ్ల మధ్య గొంతుక్కూర్చోవడం, ఆమె సూట్‌కేసులో ఒక్కో బట్ట సర్దడం. వారం దాటాక పక్కవాటా చిన్నక్క, కడప మనిషి, పరుగున వచ్చింది.

"అక్కా, బస్సు రేపు పొద్దున్నే పోతాదంట. మీకు మూడు సీట్లు పట్టిపెట్టినా. అన్న ఏమంటుండాడు?"

"కంకులు కాల్చుకు తిన్నాక ఆలోచిస్తారట," అంది చాముండేశ్వరి, పెరట్లోకి వినబడేలా.

రాజగోపాల్ వేలితో సాలు తవ్వాడు. గింజ మొలక మొనదాకా మాడి, మెత్తబడి వచ్చింది. ఇంకోటి తవ్వాడు. అదీ అంతే. చాముండేశ్వరి అరలోని బొమ్మ కాగితం తెచ్చి ఆయన ముందు పరిచింది. నూనె మరకల మధ్య రెండు గొట్టాలూ నిక్షేపంగా ఉన్నాయి.

"రెండోది స్పేరు కాదే," అన్నాడాయన నేల చూస్తూ. "యూరియా కాల్చేసింది. ఆ సీట్లు ఎవరికీ ఇవ్వొద్దను. నాదే తప్పు."

"కాస్త గట్టిగా అనండి. చిన్నక్కకు వినబడలేదు."

"నాదే తప్పు!"