చేతులతో నడిచిన అప్పమ్మ

రండర్రా, దగ్గరికి జరగండి. ఆ మూల గుసగుసలు ఆపండి, టీ జుర్రుకునే చప్పుడు కూడా వినపడకూడదు. పోర్టు పక్కన మన తెలుగు కూలీలుండే ఏక్‌బాల్‌పూర్ గల్లీలో కూర్చున్నచోటు నుంచి కదలకుండా ఢిల్లీ దాకా నడిచేసిన మనిషి కథ ఇది.

ఆ మధ్యాహ్నం ఎండకి గల్లీలో కుక్కలు నీడని అరువడుగుతున్నాయి. అప్పమ్మ గుమ్మం ముందు చక్రాల కుర్చీలో కూర్చుని పాత పేపర్లతో పొట్లాలు అంటిస్తోంది. మడత, మైదా జిగురు, మళ్లీ మడత. పోర్టులో గోనెలు మోసిన మొగుడు పోయాక ఆమె కూడు ఆ పొట్లాల్లోనే ఉంది. కుళాయి దగ్గర నీళ్ల బిందెతో జారిపడి నడుం విరిగాక కాళ్లు చచ్చుబడ్డాయి. మిగిలినవి చేతులు. వాటి విసురుకి ఎదురింటి దండెం మీద బట్టలు ఆరిపోయేవంటే నమ్మాలి మీరు.

కుర్చీ ఆమెది కాదు. ముసలివాళ్ల నడకని కొలిచే ఒక సంస్థది. కాళ్లు తిరిగొస్తాయేమో చూద్దామని మణికట్టుకి అడుగులు లెక్కపెట్టే గడియారం లాంటి పట్టీ కూడా వాళ్లే కట్టారు. నడక వస్తే కుర్చీ ఇంకొకరికి పోతుంది.

ఆ సంస్థలోకి హైదరాబాద్ నుంచి కొత్తగా వచ్చిన ఇంజనీరు ప్రదీప్‌కుమార్, కూలీని వెంటబెట్టుకుని నవ్వుతూ వచ్చాడు.

"కంగ్రాట్స్ అమ్మా! పట్టీ చూస్తే మీరు రోజంతా నడుస్తూనే ఉన్నారు. కుర్చీ తీసుకెళ్తాం."

"నానేటి, నడవడవేటి బాబూ? దొడ్డికెల్లాలన్నా పక్కింటోల్లు ఎత్తాల. పొట్లాలకి సేతులాడతన్నాయంతే."

"మరి ఫోన్లో మీరే చెప్పారుగా?"

సెల్లు పైకెత్తి వినిపించాడు. 'ఎలా నడుస్తోందమ్మా?' అని అతని గొంతు. 'ఏదో నడుస్తంది బాబూ, నీ దయ' అని అప్పమ్మ గొంతు, హుషారుగా.

గల్లీ గొల్లుమంది.

"ఓలమ్మ! ఇల్లెలా నడుస్తందని అడిగినావనుకున్నాను గదేటి!"

"కుర్చీ వదల్లేక అందరూ ఇలాగే మాట మారుస్తారమ్మా. టికియాపారా పేటలో ఒక పెద్దాయన ఎదురుచూస్తున్నాడు." కూలీ వైపు తిరిగాడు. "ఒకసారి నిలబెట్టి వదులు."

చంకల కింద చేతులేసి కూలీ లేపాడు. వదిలాడు. అప్పమ్మ తడిగుడ్డలా జారి జిగురుగిన్నె మీద పడింది. లేవాలని నేల మీద చేతులు కొట్టుకుంటుంటే పట్టీ టింగుటింగుమంది.

ప్రదీప్‌కుమార్ సెల్లు చూసుకున్నాడు. "చూశారా, ఇప్పుడు కూడా నడుస్తున్నారు!"

కూలీ కుర్చీ పట్టుకున్నాడు. మోచేతుల మీద దేకుతూ వచ్చింది అప్పమ్మ. ముఖం నిండా మైదా. కుర్చీ చక్రం ఊచల మధ్య రెండు చేతులూ మోచేతుల దాకా దూర్చేసింది.

"తోసుకెల్లండి నాయినా. ఇవి కూడా ఇరిగితే మరింక నడవను గదా."

కూలీ తొయ్యలేదు. ప్రదీప్‌కుమార్ మళ్లీ సెల్లు చూసుకున్నాడు. గల్లీలో నవ్వు ఎండిపోయింది.

అప్పుడు పాన్‌ దుకాణం పోలిరాజు పక్కకి ఉమ్మేసి, ఎంతో జాలిగా అన్నాడు:

"దాదా, రోజంతా నడిసింది ఆ పట్టీ గదా, అలిసిపోయుంటాది. ముందు దాన్ని కుర్సీలో కూసోబెట్టండి."